మిగిల్చిన వేడిమితో తీరు అప్పు

గత డిసెంబరు నెలలో నొక ఉదయమున తొమ్మిదవ తరగతి వారికి విశిష్టోష్ణమును గూర్చి పాఠము చెప్పుచుంటిని. ఒక గ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు ఒక కాలరీ ఉష్ణము కావలయుననియు, ఇనుము, రాగి మొదలగు లోహములకంటె నీరు మిక్కిలి యెక్కువ ఉష్ణమును తనలో నిలుపుకొనగలదనియు చెప్పితిని. ఈ గుణమును ఆధారము చేసికొనియే యూరపు ఖండములోని పెక్కు పట్టణములలో ఒకచోట కాచిన నీటిని గొట్టములద్వారా ఇంటింటికి పంపి, చలికాలమున గదులను వెచ్చబెట్టుచున్నారని ఉదాహరణమిచ్చితిని. గొట్టములు పాతవైనచోట చాల వేడిమి దారిలోనే నష్టమగుచున్నదనియు, వానిని మార్చినయెడల బొగ్గును గ్యాసును ఎంతయో మిగులుననియు గూడ చెప్పితిని.

అంతట వెనుకబల్లమీద కూర్చున్న యొక బాలిక లేచి, "మాష్టరుగారండీ, అంత మిగిలేటప్పుడు అప్పు తెచ్చి అయినా ఆ గొట్టాలు మార్చుకోవచ్చు గదండీ? మిగిలిన డబ్బుతోనే అప్పు తీరిపోతుంది. మరి వాళ్లెందుకు మార్చుకోలేదండీ?" అని యడిగెను. నేను నోరు తెరచునంతలో గంట మ్రోగినది. గంట మ్రోగుట నాకును మంచిదే యయ్యెను. ఏలయన, ఆ ప్రశ్నకు సగము పదార్థవిజ్ఞానములోను, తక్కిన సగము లెక్కలలోను, మనుష్యుల నడవడిలోను ప్రత్యుత్తరము వెదకవలసియున్నది. ఆ బాలికకును, ఈ పత్రికను చదువు తక్కినవారికిని ఇచ్చట బదులు వ్రాయుచున్నాను.

ఊరికంతకు నొక పొయ్యి

మనయిండ్లలో స్నానమునకు నీళ్లు కాచుకొనుటకు ఇంటికొక పొయ్యియు కాగును ఉన్నవి. చలి మనకు కొన్నివారముల ముచ్చట. డెన్మార్కు, పోలండు, ఫిన్లండు వంటి దేశములలోనో, నెలలతరబడి గదిని వెచ్చగా నుంచుకొనకున్నచో వృద్ధులును పసిపిల్లలును బ్రదుకుట కష్టము. అచ్చట వేడిమి భోగవస్తువు కాదు, బియ్యమువలె నిత్యావసరము.

ఇంటికొక పొయ్యి యుంచుటకు బదులు ఊరికంతకు నొక పెద్ద పొయ్యి యుంచుటయే పట్టణ ఉష్ణసరఫరా యనబడును. ఒక యంత్రశాలలో కాచిన నీరు ఒక గొట్టములో ఇండ్లకు పోవును. గదులలోని లోహపు పలకలగుండ ప్రవహించి, వేడిమి నచ్చట విడిచి, చల్లబడి, రెండవ గొట్టములో యంత్రశాలకు తిరిగివచ్చును. ఇందువలన ముఖ్యమైన లాభమొకటి గలదు. విద్యుచ్ఛక్తిని పుట్టించు కర్మాగారములలో ఇంధనపు శక్తిలో పెద్దభాగము వెచ్చని నీరుగా వృథాపోవును. చెత్తను కాల్చుచోటను వేడిమి పుట్టును. ఒక యిల్లు ఒంటిగా ఈ వేడిమిని తెచ్చుకొనలేదు. పట్టణమంతయు కూడినయెడల తెచ్చుకొనగలదు.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి లాక్‌పోర్టు పట్టణములో బర్డ్‌సిల్ హాలీ యను యంత్రశిల్పి 1877లో ఆవిరిని గొట్టములద్వారా ఇండ్లకు అమ్మి ఈ పద్ధతిని వ్యాపారముగా నిలబెట్టెను. డెన్మార్కులో 1903లో ఫ్రెడరిక్స్‌బర్గు పురపాలక సంఘము చెత్తను కాల్చి, ఆ వేడిమిని పరిసర భవనములకు పంపనారంభించెను. నేడు ఆ దేశములో మూడిండ్లలో ఇంచుమించు రెండిండ్లు ఇట్టి సరఫరాతోనే వెచ్చబడుచున్నవి.

వేడిమి ఎచ్చట పోవుచున్నది?

మొదటి నష్టము గొట్టములయొద్ద. పూర్వము ఇనుపగొట్టములకు ఖనిజపు దూది చుట్టి కాంక్రీటు కాలువలలో నుంచెడివారు. భూమిలోని నీరు ఆ కాలువలలో చేరి దూది తడిసినచో అది వేడిమి నాపజాలదు, గొట్టమును తుప్పుపట్టును. ఇప్పటి గొట్టము వేరు. ఉక్కుగొట్టమును, దానిచుట్టు పాలీయూరిథేన్ అను గట్టి నురుగుపదార్థమును, దానిపై పాలీఎథిలీన్ తొడుగును కర్మాగారములోనే యొక్కటిగా చేసి, నేరుగా మట్టిలో పాతుదురు. మంచిగా వేసినచో ఇది ముప్పది సంవత్సరములకు పైగా నిలుచును.

రెండవ నష్టము పంపిణీలో. మన డెల్టా కాలువలనుగూర్చి తెలిసినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. తూములు సరిగా లేనిచో తలకాలువ రైతు పొలము మునుగును, శివారు రైతు పొలము ఎండును. శివారు రైతు మొరపెట్టుకొన్నచో అధికారులు కాలువలో నీటిని హెచ్చింతురు. అప్పుడు తలకాలువ పొలము మరింత మునుగును. ఉష్ణసరఫరాలోను అంతియే. యంత్రశాలకు దగ్గరి భవనములు ఉడికిపోవుచుండ, దూరపు భవనములు వణకుచుండును. ప్రతి భవనమునకు దానికి తగిన నీటినే విడుచు కవాటమును, ఆ భవనపు నీటికి వేడిమిని మార్చియిచ్చు చిన్న యంత్రమును అమర్చినచో ఈ దోషము తీరును.

మూడవ నష్టము ఇంటిలోపల. గదిలోని పలకకు కట్టు, విప్పు కవాటము లేనియెడల ఇంటివాడు వేడిమి యెక్కువైనప్పుడు చేయగలిగిన పని యొక్కటియే: కిటికీ తెరచుట. వెలుపల మంచు కురియుచుండ కిటికీ తెరచి బొగ్గువేడిమిని ఆకాశమునకు దానము చేయుట తూర్పు యూరపు పట్టణములలో చిరకాలము సామాన్యముగా జరుగుచుండెను. ధర ఇంటివైశాల్యమునుబట్టి గాని, వాడిన వేడిమినిబట్టి గాదు గనుక, కిటికీ మూసినవానికి లాభము లేదు.

మన పాఠమునకు సంబంధించిన విషయ మొకటి ఇచ్చట చెప్పవలయును. నీరు 90 డిగ్రీలతో పోయి 60 డిగ్రీలతో తిరిగివచ్చినచో ఒక్కొక్క కిలోగ్రాము 30 కిలోకాలరీల నిచ్చినది. అది 40 డిగ్రీలకు చల్లబడి తిరిగివచ్చినచో 50 కిలోకాలరీల నిచ్చినది. అనగా అదే వేడిమిని మోయుటకు మునుపటి నీటిలో అయిదింట మూడు వంతులు చాలును. ఒకే గొట్టములో పంపుకు కావలసిన శక్తి ప్రవాహపు ఘనమునుబట్టి మారునన్న సూత్రముచొప్పున, పంపు ఖర్చు 125లో 27 పాళ్లకు, అనగా ఇంచుమించు అయిదవ వంతునకు దిగును. ఇంటిలోని చిన్న కవాటము ఊరి పంపును తేలిక చేయుట యెంత వింత!

ఇప్పుడు లెక్క

ఒక పట్టణమును ఊహింతము. మనకు సులభమగుటకై రూపాయలలోనే చెప్పెదను. ఆ పట్టణము ఇంధనమునకై ఏటేట 10 కోట్ల రూపాయలు వ్యయము చేయుచున్నదనుకొనుడు. యంత్రశాలనుండి 100 పాళ్ల వేడిమి బయలుదేరగా 25 పాళ్లు దారిలో పోయి 75 పాళ్లు ఇండ్లకు చేరుచున్నది. క్రొత్త గొట్టములు వేయగా దారినష్టము నూటికి 10కి దిగినది. ఇండ్లలో కవాటములు, మీటర్లు పెట్టగా 75 పాళ్లకు బదులు 63 పాళ్లు చాలినది. 63 పాళ్లు ఇండ్లకు చేరుటకు యంత్రశాలనుండి 70 పాళ్లు పంపిన చాలును. కాబట్టి ఇంధనపు ఖర్చు 7 కోట్లకు దిగి ఏటికి 3 కోట్లు మిగులును. ఈ పనులకన్నిటికి 24 కోట్లు కావలయుననుకొందము. 24ను 3చే భాగించిన 8. ఎనిమిది సంవత్సరములలో సొమ్ము తిరిగివచ్చునని మన బాలిక చెప్పినట్లే తోచును.

అయితే అప్పునకు వడ్డి గలదు. వడ్డి నూటికి 6 అయినచో మొదటి యేడు వడ్డి 1 కోటి 44 లక్షలు. మిగిలిన 3 కోట్లలో తక్కిన 1 కోటి 56 లక్షలు అసలునకు చెల్లును. ఇట్లు ఏటేట చెల్లింపగా పదునొకండు సంవత్సరములు దాటిన కొలదికాలమునకు అప్పు తీరును. వడ్డి నూటికి 12 అయినచో మొదటి యేడు వడ్డియే 2 కోట్ల 88 లక్షలు. అసలునకు మిగులునది 12 లక్షలు మాత్రమే. అప్పు తీరుటకు ఇరువదియెనిమిది సంవత్సరములకు పైగా పట్టును. అప్పటికి క్రొత్త గొట్టములును పాతవగును! అదే వడ్డి నూటికి 4 అయినచో పది సంవత్సరములు నిండకమునుపే తీరును.

ఈ మూడు లెక్కలలోను గొట్టము ఒక్కటియే, బొగ్గు ఒక్కటియే, మిగులు ఒక్కటియే. మారినది వడ్డి మాత్రమే. వడ్డియో, అప్పిచ్చువాని భయమునుబట్టి మారును. కాబట్టి ప్రశ్నలోని అసలు ముడి యిది: అప్పిచ్చువాని భయమును తగ్గించుట యెట్లు?

అప్పిచ్చువాని మూడు భయములు

భూమిని తాకట్టుపెట్టి అప్పు తెచ్చినవాడు తీర్చకున్నచో భూమిని అమ్ముకొనవచ్చును. మట్టిలో పాతిన గొట్టమును త్రవ్వి అమ్ముకొన్నచో ఏమి వచ్చును? ఇక మిగిలిన వేడిమియో, కంటికి కనబడునది కాదు. కాలని బొగ్గును ఎవరు చూతురు? కాబట్టి బ్యాంకివారి మొదటి భయము, "నిజముగా మిగిలినదా?" యనునది.

దీనికి మందు మీటరు. ఉష్ణమీటరు ప్రవహించిన నీటి పరిమాణమును, పోవు నీటికిని వచ్చు నీటికిని గల డిగ్రీల భేదమును కొలిచి, రెంటిని గుణించి వేడిమిని చెప్పును. కాని మీటరుకూడ ఒక్కొక్కప్పుడు మోసపుచ్చును. ఒక యేడు చలి తక్కువైనచో పనులు చేయకున్నను ఇంధనము మిగులును. చలి యెక్కువైనచో పనులు చేసినను ఖర్చు పెరుగును. కావున నిపుణులు చలినికూడ లెక్కింతురు. ఉదాహరణమునకు 17 డిగ్రీలను ప్రమాణముగా గైకొని, ఒకదినమున వెలుపలి సగటు వేడిమి 2 డిగ్రీలైనచో ఆ దినమునకు 15 అని వ్రాసికొందురు. చలికాలపు దినములన్నిటి అంకెలను కూడిన మొత్తము ఆ యేటి చలికి కొలత. దానితో సరిచూచిన తరువాతనే ఎంత మిగిలినదో తేల్చుట న్యాయము. కొన్నిచోట్ల ప్రత్యేక కంపెనీలు తమ సొమ్ముతోనే పనులు చేయించి, మిగులులో వంతు తీసికొనుచున్నవి. అట్టి ఒడంబడికలలో ఏ సంవత్సరమును ప్రమాణముగా గైకొనవలయును, చలినెట్లు లెక్కింపవలయును అనునది మొదటనే వ్రాసికొనకున్నచో తరువాత వ్యాజ్యములు తప్పవు.

రెండవ భయము, "మిగిలిన సొమ్ము ఎవరి చేతిలో పడును?" అనునది. అనేక దేశములలో వేడిమి ధరను ప్రభుత్వము నిర్ణయించును. "నీకైన ఖర్చునకు పైన కొంచెము లాభము చేర్చి ధర తీసికొనుము" అనుట సామాన్యమైన నియమము. వినుటకిది న్యాయముగానే యున్నది. కాని మన ఊహాపట్టణము 3 కోట్లు మిగిల్చిన మరుసటి యేడే, "నీ ఖర్చు తగ్గినది గనుక ధరను తగ్గింపుము" అని ప్రభుత్వము ఉత్తరువు చేసినచో, అప్పు తీర్చుటకు సొమ్మెక్కడిది? పొదుపు చేసినవానికి శిక్షయు, దుబారా చేసినవానికి బహుమానమును దొరకిన ట్లగును. కావున అప్పు తీరువరకు దాని వాయిదాను ధరలో చేర్చుకొనుటకు నియమము అంగీకరింపవలయును.

దీనికి అనుబంధముగా మరియొక చిక్కు గలదు. ఇంటివాడు మీటరునుబట్టి చెల్లించుచు వాడుక తగ్గించుకొన్నచో సరఫరాచేయు సంఘమునకు రాబడి తగ్గును. అప్పు వాయిదా మాత్రము తగ్గదు. అందుచేత ధరను రెండు పాళ్లు చేయుదురు. ఒకటి స్థిరమైనది, అది గొట్టములకును అప్పునకును. రెండవది వాడుకనుబట్టి మారునది, అది ఇంధనమునకు. స్థిరభాగము మిక్కిలి చిన్నదైనచో బ్యాంకి భయపడును, మిక్కిలి పెద్దదైనచో ఇంటివాడు, "పొదుపు చేసినను నాకేమి?" అని మరల కిటికీ తెరచును. ఈ త్రాసును సరిగా నిలుపుటలోనే నేర్పున్నది.

మూడవ భయము, "తీర్చకున్నచో నెవరిని పట్టుకొందును?" అనునది. దీనికి మందు పూచీ. డెన్మార్కువారి కథ ఈ సందర్భమున చెప్పదగినది.

డెన్మార్కువారు చేసినది

1973లో నూనెధర ఒక్కసారిగా పెరిగినప్పుడు డెన్మార్కు తాను వాడు శక్తిలో నూటికి 90 పాళ్లకు పైగా విదేశపు నూనెపైననే ఆధారపడియుండెను. ఆ దెబ్బతో ఆ దేశస్థులు మేలుకొనిరి. 1979లో ఉష్ణసరఫరా చట్టము చేసిరి. ప్రతి పురపాలక సంఘమును తన ఊరిలో ఏ భాగమునకు ఏ విధమైన వేడిమి చౌకయో విచారించి ప్రణాళిక వ్రాయవలసివచ్చెను. ఆయాచోట్ల ఇండ్లు ఉష్ణసరఫరాతో కలియవలయునని నిర్బంధించు అధికారము చిరకాలము సంఘములకుండెను. ఇంతమంది ఇంతకాలము కొనుదురన్న నిశ్చయమే అప్పిచ్చువానికి పెద్ద ధైర్యము.

ఈ సరఫరాలో లాభము తీయగూడదని ఆ దేశపు నియమము. ధర ఖర్చునకు సరిపోవలయును. ఖర్చనగా ఇంధనము, జీతములు మాత్రమే కాక, అప్పు వడ్డియు యంత్రముల తరుగును గూడ అందు చేరును. కావున పని చేయించి మిగిల్చినది మొదట అప్పునకు పోవును. అప్పు తీరినపిదప ధర తగ్గి ఇంటివారికే చేరును. మధ్య నెవ్వరును దానిని మ్రింగుటకు వీలులేదు.

పూచీ మాట. డెన్మార్కులో పురపాలక సంఘములకు కొమ్యూనెక్రెడిట్ అను పరపతి సంఘము పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములనుండి యున్నది. దేశములోని పురపాలక సంఘములన్నియు దానిలో సభ్యులు. దాని ఋణములకు అందరును ఉమ్మడిగా బాధ్యులు. చిన్న ఊరిలోని ఉష్ణసరఫరా సంఘము తన పురపాలక సంఘపు హామీతో ఇందుండి చౌకవడ్డికి దీర్ఘకాలపు అప్పు తీసికొనవచ్చును. సభ్యులకిచ్చిన అప్పులవలన ఈ సంఘమునకు నేటివరకు నష్టము కలుగలేదు. మనదేశములో 1904 చట్టముతో ఆరంభమైన గ్రామ సహకార పరపతి సంఘములను ఎరిగినవారికి ఈ యుపాయము క్రొత్తది కాదు. ఒంటివాని మాటకు సాహుకారు నూటికి ఇరువదినాలుగు అడుగును. ఊరివారందరు కలిసి, "ఒకనికొకడు పూచీ" యన్నచో వడ్డి దిగును.

1984లో కోపన్‌హాగను, ఫ్రెడరిక్స్‌బర్గు మొదలగు అయిదు పురపాలక సంఘములు కలిసి సి.టి.ఆర్. అను ఉమ్మడి సంస్థను స్థాపించి, విద్యుత్కర్మాగారముల వేడిమిని, చెత్తకాల్చు వేడిమిని దూరపు ఇండ్లకు చేర్చు పెద్దగొట్టములు వేసినవి. 1986లో లోకమున నూనెధర పడిపోయినప్పుడు, "ఇక ఈ పనులు దండుగ" యని కొందరనుకొనుటకు వీలుండెను. ప్రభుత్వము అప్పుడు ఇంధనముపై పన్ను హెచ్చించి, ఇంటివానికి నూనె చౌక కాకుండ చేసెను. ఇది కఠినముగా తోచవచ్చును. కాని అప్పు ఇరువదియేండ్లది, నూనెధర ఏటికొక తీరుది. ఒకటి మరియొకదానితో ఆడుకొనకుండ కాపాడవలసియుండెను.

పోలండువారి కష్టము

డెన్మార్కువారికి నూరేండ్ల నమ్మకము చేతనుండెను. పోలండువారికి అదికూడ లేకుండెను. 1989లో సామ్యవాద ప్రభుత్వము పోయినప్పుడు వారి పట్టణములలో పెద్ద ఉష్ణసరఫరాలుండెను గాని, మీటర్లు లేవు, కవాటములు లేవు, ధరలో అధికభాగము ప్రభుత్వమే భరించుచుండెను. కిటికీలు తెరచు అలవాటు మాత్రము పుష్కలముగా నుండెను.

1991లో ప్రపంచ బ్యాంకి వార్సా, క్రాకోవు, గడాన్‌స్కు, గడీనియా మొదలగు పట్టణముల సరఫరాలను బాగుచేయుటకు అప్పిచ్చెను. నురుగుతొడుగు గొట్టములు, భవనమునకొక ఉష్ణమార్పిడి యంత్రము, మీటర్లు: ఇవియే పనులు. దీనితోపాటు ప్రభుత్వము ధరసహాయమును మెల్లమెల్లగా తగ్గించుచు ఆ దశాబ్దము ముగియులోపల తీసివేసెను. ఇచ్చట గమనింపవలసిన దొకటి గలదు. సహాయము పోయి, పొదుపు రాకున్నచో బీదయింటివాడు చలికి నశించును. కాబట్టి రెండును కలిసి నడువవలసియుండెను. అందరికి సమానముగా ధరలో నిచ్చు సహాయమునకు బదులు, చాలని రాబడిగల కుటుంబములకే గృహభత్య మిచ్చు చట్టమును 1994లో చేసిరి. మీటరు వచ్చిన పిదప జనులు తామే కవాటములు కొని పెట్టుకొనిరి, గోడలకు వేడిమినాపు తొడుగులు వేయించుకొనిరి. ఉపన్యాసములు చేయలేని పనిని చిన్న మీటరు చేసినది.

విదేశపు అప్పులో నింకొక ముల్లు గలదు. అప్పు డాలర్లలో, ఇంటివాడు చెల్లించునది స్వదేశపు నాణెములలో. నాణెపు విలువ పడిపోయినచో, ఒక్క గొట్టముకూడ అదనముగా వేయకయే అప్పు పెరుగును. అందుచేతనే స్వదేశపు నాణెములలో దొరకు అప్పు వడ్డి కొంచెమెక్కువైనను, ఒక్కొక్కప్పుడు అదియే క్షేమము.

ఆలస్యమైనచో

సకాలమున పని జరుగనిచోట్ల నేమయ్యెనో రుమేనియా చెప్పుచున్నది. అచ్చట 1990 తరువాత గొట్టములు శిథిలమై, ధర పెరిగి, వేడిమి సరిగా అందక, చేతిలో డబ్బుగలవారు తమ యింటికి చిన్న గ్యాసుయంత్రము కొనుక్కొని ఉమ్మడి సరఫరానుండి విడిపోయిరి. గొట్టముల ఖర్చు మాత్రము ఇండ్ల లెక్కతో తగ్గలేదు. వందయిండ్లు పంచుకొన్న ఖర్చును డెబ్బదియిండ్లు పంచుకొనగా ధర మరల పెరిగెను. మరల కొందరు విడిపోయిరి. కడపటికి మిగిలినవారు విడిపోవుటకును శక్తిలేని బీదలు, వృద్ధులు. అనేక పట్టణములలో సరఫరాయే మూతబడెను. అప్పు తెచ్చుటకు భయపడి కూర్చుండుటకూడ నొక ఖర్చే. ఆ ఖర్చును లెక్కపుస్తకములో వ్రాయువారు లేరు. చలిగదిలో కూర్చున్న ముసలివారు దానిని చెల్లింతురు.

మన ఊరి దీపములు

"ఈ చలిదేశపు కథ మనకేల?" అని కొందరు విద్యార్థులనవచ్చును. మన పట్టణములకు వేడిగొట్టములతో పనిలేదు. కాని మిగులుతో అప్పు తీర్చు ఉపాయము మన తీరమునకును వచ్చినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును పాడుచేసిన పిదప, 2015లో ఆ నగరములో 90,000కు పైగా వీథిదీపములను తక్కువ విద్యుత్తుతో వెలుగు ఎల్.ఇ.డి. దీపములుగా మార్చిరి. కేంద్రప్రభుత్వ రంగమునకు చెందిన ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ అను సంస్థ పెట్టుబడిలో ప్రధానభాగమును పెట్టగా, నగరపాలక సంస్థ తనకు మిగిలిన విద్యుత్తు ఖర్చునుండి కొన్నియేండ్లలో దానిని తీర్చునట్లు ఒడంబడిక జరిగెను. అచ్చట గొట్టము, ఇచ్చట దీపము, సూత్రమొక్కటియే.

ఇప్పుడు మన బాలిక ప్రశ్నకు బదులు చెప్పగలను. అమ్మా, నీ లెక్క సరియైనదే. మిగులుతో అప్పు తీరును. కాని దానికి మూడు వలయును. మిగిలినదని చూపు మీటరు కావలయును. మిగిలినదానిని అప్పు తీరువరకు అప్పునకే విడిచిపెట్టు న్యాయమైన ధర కావలయును. తీరకున్నచో మేమున్నామని చెప్పు పదుగురి పూచీ కావలయును. ఈ మూడును ఉన్నచో నూటికి నాలుగు వడ్డికి అప్పు దొరకును. లేనిచో పండ్రెండునకును దొరకుట కష్టము. ఆ నాలుగునకును పండ్రెండునకును గల భేదమే నీవడిగిన "ఎందుకు మార్చుకోలేదండీ" యనుదానికి బదులు. ఆ భేదమును పుట్టించునది బొగ్గు కాదు, ఇనుము కాదు. ఒకరిమాటయందు మరియొకరికి గల నమ్మకము.

వచ్చు సంవత్సరము నీవు పదవ తరగతిలో చక్రవడ్డి లెక్కలు చేయునప్పుడు, 24 కోట్లను, 3 కోట్లను తీసికొని, వడ్డిని నూటికి 4 మొదలు 12 వరకు ఒక్కొక్కటిగా మార్చి, అప్పు ఎన్ని యేండ్లకు తీరునో పట్టిక వ్రాసి నాకు చూపుము. ఆ పట్టికలో ఏడు, ఎనిమిది దాటినపిదప సంవత్సరములు ఎట్లు తొందరగా పెరుగునో నీ కన్నులతో నీవే చూతువు. అప్పుడు గంట మ్రోగినను నేను తరగతి విడిచిపోను.